ఫుల్లరీన్, చేప మెదడు: ఒక పరిశోధనపై విమర్శ

2004లో అమెరికాలోని డల్లాస్ నగరమునుండి వెలువడిన ఒక పరిశోధన పత్రికలను బాగుగా ఆకర్షించినది. ఈవా ఓబర్‌డార్‌స్టర్ అను శాస్త్రవేత్త చేపపిల్లలను ఫుల్లరీన్ కలిసిన నీటిలో 48 గంటలు ఉంచగా, వాటి మెదడులోని క్రొవ్వులు ఆక్సీకరణము చెందినవి. నీటిలో ఫుల్లరీన్ పాలు పది లక్షలకు 0.5 మాత్రమే. 60 కార్బన్ పరమాణువులు బంతివలె కూడిన ఈ అణువు వెడల్పు సుమారు ఒక నానోమీటరు, అనగా మీటరులో 100 కోట్లవ వంతు. ఇంత చిన్న వస్తువు నాడీకణములను చెరచునా?

సందేహము సమంజసమే. మానవుని బరువులో మెదడు 2 శాతమే అయినను, శరీరము వాడుకొను ఆక్సిజన్‌లో సుమారు 20 శాతము దానికే కావలెను. పైగా నాడీకణముల పొరలలో సులభముగా ఆక్సీకరణము చెందు క్రొవ్వులు మెండు. పాత నూనె చెడువాసన కొట్టుట ఎట్టిదో ఈ మార్పు అట్టిదే.

చిక్కు వేరొక చోట ఉన్నది. ఫుల్లరీన్ నీటిలో కరగదు. అందుచేత దానిని టెట్రాహైడ్రోఫ్యూరాన్ అను ద్రావణిలో కరగించి, నీటిలో కలిపి, పిదప ద్రావణిని తొలగించినారు. అది పూర్తిగా తొలగినదా? ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ అడుగదగిన ప్రశ్న ఇది.

2006లో అదే శాస్త్రవేత్త భాగస్వామిగా మరొక పరిశోధన వచ్చినది. ద్రావణితో తయారైన ఫుల్లరీన్ నీటిలో చేపలన్నియు 18 గంటలలోగా చచ్చినవి. ఫుల్లరీన్‌ను కేవలము నీటిలో కలియద్రిప్పినపుడు 48 గంటల తరువాత కూడ బ్రతికియున్నవి. తన తొలి ఫలితమునే ఇట్లు పరీక్షకు పెట్టుట మెచ్చదగినది. కాని అసలు పోలిక 2007లో హెన్రీ మొదలగువారు జీబ్రాచేప లార్వాలపై చేసినారు. ఫుల్లరీన్ బొత్తిగా లేకుండ, ద్రావణితో అదే పద్ధతిని నీరు తయారు చేసినారు. ఆ నీరును లార్వాలను చంపినది! ద్రావణి విచ్ఛిత్తివలన పుట్టిన గామా-బ్యుటిరోలాక్టోన్ అందులో దొరికినది.

అయినను ఫుల్లరీన్ నిర్దోషి అని తేల్చుట కూడ తొందరపాటే. 2006లో ద్రావణి లేని నీటిలో బ్రతికిన చేపల మొప్పలలోను క్రొవ్వుల ఆక్సీకరణము పెరిగినది. హెన్రీ ప్రయోగము చావుబ్రతుకులను, జన్యువుల పనిలో మార్పులను కొలిచినదే గాని నాడీకణములను విడిగా చూడలేదు. ఇక నానోకణములు మెదడును చేరగలవా అన్నది వేరు విషయము. 2004లోనే రోచెస్టర్‌లో ఎలుకలు పీల్చిన సుమారు 36 నానోమీటర్ల కార్బన్ కణములు, వాసనను గ్రహించు మెదడు భాగములో కనబడినవి. అక్కడ చేరిన కార్బన్ ఎంతయో ఆ ప్రయోగము కొలిచినది. అది నాడీకణములను ఏమి చేసినదో ఆ కొలతకు అందదు.