రెండో అధ్యాయంలో మన ఊరు ఎక్కడ?

మా అన్నయ్య కూతురు ఎం.ఎడ్. చదువుతోంది. మా ఊరి నుంచి అంతవరకు చదివిన మొదటి ఆడపిల్ల. పోయిన వేసవిలో డిసర్టేషన్ రాసుకోవడానికి ఉక్కునగరంలో మా క్వార్టర్‌కి వచ్చి ఉంది. కువి మాట్లాడే పిల్లలు మూడో తరగతికి వచ్చినా తెలుగు వాచకం ఎందుకు చదవలేకపోతున్నారన్నది ఆమె అంశం. ఒక సాయంత్రం దిగాలుగా వచ్చి, "అత్తా, సైద్ధాంతిక చట్రం లేదని మేడమ్ రెండో అధ్యాయం వెనక్కిచ్చేశారు" అంది.

ఆ కాగితాలు చదివాను. ఇరవై రెండు పేజీలు. పియాజే, వైగాట్‌స్కీ, బ్రూనర్ ఏం చెప్పారో వరసగా ఉంది. తప్పులేమీ లేవు. "ఇందులో మన ఊరు ఎక్కడుందే?" అని అడిగాను. "మన ఊరు నాలుగో అధ్యాయంలో వస్తుంది అత్తా, టేబుల్స్‌లో" అంది.

ఈ వ్యాసం ఆ జవాబు గురించే.

నేను డిప్లొమా చదివిన టీచర్ని. పరిశోధన పట్టా నాకు లేదు. కానీ ఏజెన్సీ బడిలో పన్నెండేళ్లు పనిచేసినప్పుడు పరిశోధకులు తెచ్చిన ప్రశ్నావళులు ఎన్నో నింపాను. తర్వాత వాటిలో కొన్ని గ్రంథాలుగా వచ్చాక చదివాను కూడా. వాటిలో నాకు కనబడిన లోపం ఒకటే. ముందు పెద్దల సిద్ధాంతాలు, వెనక మన అంకెలు. రెండింటికీ మధ్య వంతెన ఉండదు. సిద్ధాంతాన్ని తీసేసినా పుస్తకం అలాగే నిలబడుతుంది. అలా నిలబడితే అది చట్రం కాదు, గుమ్మానికి కట్టిన తోరణం.

ముందు మాట దగ్గరే చిక్కుంది. తెలుగులో 'సిద్ధాంతం' అంటే తేలిపోయిన మాట. పాత శాస్త్ర చర్చల్లో ఎదుటివాడి వాదం పూర్వపక్షం, చివరికి నిలిచింది సిద్ధాంతం. అందుకే మన పిల్లలు సిద్ధాంతం అనగానే ప్రశ్నించకూడనిదని అనుకుని దండం పెట్టి రాస్తారు. పరిశోధనలో సిద్ధాంతం అలాంటిది కాదు. ఒక విషయం ఎందుకు అలా జరుగుతోందో చెప్పే ఊహ అది. నిజమో కాదో చూడటానికే దాన్ని వెంట తీసుకెళ్తాం. చట్రం అంటే నేను ఈ ఊహతో వెళ్తున్నాను, కాబట్టి వీటిని చూస్తాను, వీటిని చూడను అని ముందే ఒప్పుకోవడం.

ఇది పరీక్ష కోసం రాసే లాంఛనం కాదు. తప్పు ఎవరి మీద వేయాలో అక్కడే తేలిపోతుంది. నా సంగతే చెబుతాను. ట్రైనింగ్‌లో ఉండగా కేస్ స్టడీ రికార్డు రాయాల్సి వచ్చింది. తరచూ బడి మానే ఒక కువి పిల్లాడిని తీసుకున్నాను. కారణాల గడిలో 'తల్లిదండ్రుల నిరక్షరాస్యత, ఇంటి వాతావరణం అనుకూలంగా లేకపోవడం' అని రాశాను. మంచి మార్కులే వచ్చాయి. తర్వాత అదే పిల్లాడు వారపు సంతలో వాళ్లమ్మ పక్కన కూర్చుని సోల, తవ్వ, కుంచం కొలతల్లో రాజ్మా లెక్కకట్టి షావుకారుతో బేరమాడటం చూశాను. ఆ ఇంట్లో చదువుకి పనికొచ్చేది లేదని రాసింది నేనే. నేనూ ఆదివాసీనే. అయినా ఆ మాటలు నా కళ్లతో చూసి రాసినవి కావు, పాఠ్యపుస్తకం నుంచి వచ్చినవి. నాకు తెలియకుండానే నేనొక చట్రంలో ఉన్నాను.

ఆ చట్రానికి పేరుంది. 1960లలో అమెరికాలో పేద పిల్లల చదువు గురించి బలంగా వినిపించిన 'సాంస్కృతిక లేమి' వాదం అది. దానితో మా మేనకోడలి ఊరికి వెళితే ప్రశ్నావళిలో తండ్రి చదువు, తల్లి చదువు, ఆదాయం, ఇంట్లో పుస్తకాలు ఉంటాయి. తరగతి గదిలో ఏ భాష వాడుతున్నారన్న ప్రశ్న ఉండదు. అడగని ప్రశ్నకి జవాబు రాదు కాబట్టి తప్పు ఇంటిదేనని తేలుతుంది.

అదే ఊరికి కెనడా పండితుడు జిమ్ కమిన్స్ ఊహతో వెళితే వేరే డిసర్టేషన్ వస్తుంది. ఆడుకోవడానికి, మాట్లాడటానికి పనికొచ్చే రెండో భాష రెండేళ్లలో వస్తుంది, పాఠం అర్థం చేసుకునే భాషకు ఐదేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది, సొంత భాషలో సంపాదించిన జ్ఞానం రెండో భాషకి ఆసరా అవుతుంది అంటాడాయన. అప్పుడు మనం చూడాల్సింది బడిలో భాషను.

ఫ్రాన్స్ సామాజిక శాస్త్రవేత్త పియరె బోర్దియూ ఊహతో వెళితే, ఎవరి ఇంటి మాటతీరుకి బడి విలువ కడుతోంది, ఎవరిదానికి కట్టడం లేదు అని చూస్తాం. లూయిస్ మోల్ బృందం అరిజోనాలో మెక్సికన్ మూలాలున్న కూలీ కుటుంబాల మధ్య పనిచేసింది. టీచర్లే ఇళ్లకు వెళ్లి సేద్యం, మరమ్మతు, వైద్యం, వ్యాపారాల్లో ఆ కుటుంబాలకున్న జ్ఞానాన్ని నమోదు చేశారు. ఆ చట్రం నాకు ముందే తెలిసి ఉంటే నా రికార్డులో సంత లెక్క ఉండేది.

ఒకే ఊరు, నాలుగు చట్రాలు, నాలుగు తీర్పులు. అంకెలు అబద్ధం ఆడకపోవచ్చు, కానీ ఏ అంకెలు ఏరాలో చెప్పేది చట్రమే.

మన గురించి రాసిన పెద్దల విషయంలోనూ ఇదే జరిగింది. 1943లో జి.ఎస్. ఘుర్యే ఆదివాసులను వెనుకబడిన హిందువులన్నారు. అదే కాలంలో వెరియర్ ఎల్విన్ వీళ్లను బయటివాళ్ల దోపిడీ నుంచి కాపాడాలన్నారు. ఇద్దరి చట్రాలు వేరు, కాబట్టి ఇద్దరికీ కనబడిన మందూ వేరు. ఆదిలాబాద్‌లో 1940లో కొమురం భీం పోరాటం తర్వాత గోండుల మధ్య పనిచేసిన హైమండార్ఫ్ భూమి పోవడాన్ని సమస్యగా చూశారు. గోండుల అజ్ఞానమే మూలం అనుకోలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది. చూపు మారితే బడే మారింది. తర్వాత కాలంలో ఉరావ్ సమాజం నుంచి వచ్చిన సామాజిక శాస్త్రవేత్త వర్జీనియస్ ఖాఖా అసలు చట్రాన్నే ప్రశ్నించారు. ఆదివాసీ సమాజాన్ని అది ఉన్నట్టుగా కాక, కులంగానో రైతులుగానో ఎప్పుడు మారుతుందా అని కొలవడం ఏమిటన్నారు. పరిశోధన చేసే మన పిల్లలు మొదట చదవాల్సిన వాళ్లలో ఆయన ఒకరు.

ఇక్కడి ఉక్కు కర్మాగారానికి ఇనుప ఖనిజం బైలడిలా కొండల నుంచి వస్తుంది. కొత్తవలస–కిరండూల్ లైన్ మీద అరకు మీదుగా గూడ్సు బళ్లు దిగుతాయి. ఖనిజం ఆదివాసీ కొండలది, దానికి ఏ రూపం ఇవ్వాలో తేలేది ఇక్కడ. పరిశోధనలో కూడా చాలాకాలం మన వాటా అంతే. సమాచారం మనది, రూపం ఇచ్చేది ఇంకొకరు. ఇప్పుడు రూపం ఇచ్చే చోటికి మన పిల్లలు వచ్చారు. వచ్చి కూడా పాత అచ్చులోనే పోస్తే వచ్చిన లాభమేమిటి?

అయితే దీనికి ఎదురుగా ఇంకో పొరపాటు ఉంది. మన సంఘాల సమావేశాల్లో యువకులు "మాకు ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు, మా అనుభవమే మా సిద్ధాంతం" అంటారు. చప్పట్లు కూడా పడతాయి. నేను ఒప్పుకోను. నా రికార్డు రాసిందీ అనుభవమున్న ఆదివాసీయే. చట్రం వద్దన్నవాడు చట్రం లేకుండా ఉండడు. పేరు తెలియని చట్రంలో ఉంటాడు, అంతే. మావోరి పండితురాలు లిండా తుహివాయ్ స్మిత్ 1999లో పరిశోధనా పద్ధతుల మీద పుస్తకం రాశారు. పరిశోధన అనే మాటే తమవాళ్లకు చేదు అయిందని చెబుతూనే, సిద్ధాంతాన్ని వదిలేయమనలేదు. మన ప్రయోజనం వైపు నుంచి దాన్ని మళ్లీ చదవమన్నారు.

మేమిద్దరం పది రోజులు కూర్చున్నాం. ఇరవై రెండు పేజీలు పక్కన పెట్టాం. మొదట ప్రశ్న మార్చాం. "పిల్లలు ఎందుకు చదవలేకపోతున్నారు" అనడంలోనే తప్పు పిల్లల వైపు వాలిపోయింది. "తెలుగు చదవడం నేర్పే తరగతిలో కువికి ఏ చోటు ఉంది, దానికీ పిల్లల చదవడానికీ సంబంధం ఏమిటి" అని రాసుకున్నాం. ఆ ప్రశ్నకి కమిన్స్ సరిపోయాడు. తోడుగా మోల్. బోర్దియూని ఎందుకు వదిలేశామో రెండు వాక్యాలు రాశాం. ఒడిశాలో కంధ పిల్లల మీద అజిత్ మొహంతి చేసిన పనినీ పక్కన పెట్టుకున్నాం. కుయి, ఒడియా రెండూ మాట్లాడే కంధ పిల్లలు, ఒడియా ఒక్కటే మాట్లాడే కంధ పిల్లల కంటే ఆలోచనా పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని ఆయన చూపించారు. కుయి మన కువికి చెల్లెలి లాంటి భాష. ఇంటి భాషే అడ్డం అనే వాదానికి దగ్గర్లోనే జవాబుంది.

తర్వాత ప్రతి భావనకీ కంటికి కనబడే పని ఒకటి జత చేశాం. 'మాతృభాష ఆసరా' అని రాస్తే సరిపోదు. ఒక పీరియడ్‌లో టీచరో పిల్లలో కువి ఎన్నిసార్లు, దేనికోసం వాడారు? తిట్టడానికా, అర్థం చెప్పడానికా? కథను ముందు కువిలో చెప్పించి తర్వాత తెలుగులో చదివిస్తే ఏమవుతుంది? ఇలా జత కుదరని భావనల్ని కొట్టేశాం.

చివరికి చట్రం హద్దు దగ్గర ఆగిపోయాం. సొంత భాషలో చదవడం, రాయడం వచ్చిన పిల్లాడికి ఆ నేర్పు రెండో భాషకి బదిలీ అవుతుందని కమిన్స్ అంటే, కువిలో చదవడమే నేర్పని బడిలో బదిలీ కావడానికి ఏముంది? 2004లో మన రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒరియా, సవర, కోయ, గోండి, కొలామి, బంజారా భాషల్లో బహుభాషా విద్య మొదలై, తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. అవి వాడిన బడికీ వాడని బడికీ తేడా చూస్తే ఆ సిద్ధాంతానికే మన ఊరు ఒక ప్రశ్న వేసినట్టవుతుంది. అప్పుడు మా మేనకోడలు, "అంటే మన ఊరు రెండో అధ్యాయంలోకి వచ్చినట్టేనా అత్తా?" అంది. వచ్చినట్టే.

మేడమ్ ఈసారి ఒప్పుకున్నారు. ఒక ప్రశ్న మాత్రం అంచున రాసి పంపారు. "నీ ఊరికే వెళ్తున్నావు. నీ చూపుకి హద్దు ఏమిటి?" మంచి ప్రశ్న. దానికి అరపేజీ రాసింది. ఊళ్లో వాళ్లు ఆమెను పరిశోధకురాలిగా కాక ఇంటిపిల్లగా చూస్తారు, నొచ్చుకుంటుందని కొన్ని చెప్పరు. కమిన్స్ ఊహ తప్పని ఏం చూస్తే ఒప్పుకుంటుందో కూడా ఒక వాక్యంలో రాసింది. ఆ వాక్యం లేని చట్రాన్ని నేనైతే నమ్మను.

ఇదంతా ఒక పట్టా కోసమే కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లల భాష తెలిసిన టీచరు తరగతిలో ఉంటే ఏం మారుతుందో మనకి తెలుసు. తెలుసు అన్నంత మాత్రాన కోర్టులో, సచివాలయంలో చెల్లదు. సరైన ప్రశ్న, సరైన చట్రం, వాటికి కట్టుబడిన లెక్క కావాలి. వాటిని తయారు చేయగల పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నారు. టీచర్లుగా మనం చేయాల్సింది వాళ్ల రెండో అధ్యాయం ఒకసారి అడిగి తీసుకుని చదవడం, మన ఊరు ఎక్కడుందని అడగడం.

బడులు తెరిచాక మా మేనకోడలు ఊరికి వెళ్లింది. సంచిలో ప్రశ్నావళితో పాటు ఖాళీ నోటుపుస్తకం కూడా పెట్టుకుంది. చట్రంలో పట్టనివి రాసుకోవడానికట.