తల్లి చెట్టు చూపిస్తారా?

అమ్మిన నాలుగైదేళ్లకు గానీ సరుకు మంచిదో కాదో తేలని వ్యాపారం మామిడి అంటు అమ్మడం. చీర సంగతి మొదటి ఉతుకులోనే బయటపడుతుంది. ఏడాది వయసున్న అంటును చూసి అది బంగినపల్లో, మరొకటో చెప్పడం మాత్రం నాలాంటి వాళ్ల వల్ల కాదు. అప్పటికి మన చేతిలో ఉండేది నర్సరీ రైతు చెప్పిన పేరొక్కటే.

నర్సరీలకు పేరుపడ్డ కడియం, కడియపులంక, బుర్రిలంక ఊళ్లకు వెళ్లినవాళ్ల చూపంతా పూలమొక్కల రంగుల మీదే ఉంటుంది. నేను అంటు కట్టేవాళ్ల దగ్గర ఆగిపోతాను. మామిడి టెంకకు నిల్వ గుణం లేదు. ఎండితే కొన్ని వారాల్లోనే మొలిచే శక్తి పోతుంది కాబట్టి పండ్ల కాలంలోనే నాటేస్తారు. మొలిచాక పది పదిహేను రోజులకు, ఆకులింకా రాగిరంగులో ఉండగానే, లేత కాండాన్ని టెంకకు రెండు మూడంగుళాల పైన కోసి నిలువునా చీలుస్తారు. తల్లి చెట్టు మీద వారం పది రోజుల ముందే ఆకులు తీసి, మొగ్గ ఉబ్బాక కోసుకొచ్చిన పుల్లను రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి, ఆ చీలికలో దించి ప్లాస్టిక్ పట్టీ చుడతారు. బెరడు కిందుండే పచ్చటి పొరలు రెండూ ఒకదానికొకటి ఆనాలి. పుల్ల సన్నగా ఉంటే నడిమధ్య నిలబెట్టరు, ఓ అంచుకు జరుపుతారు. ఒక పక్కన కలిసినా అతుక్కుంటుంది. "ఒక్క కోతలో అయిపోవాలండి. మళ్లీ మళ్లీ చెక్కితే సందులో గాలి చేరి ఎండిపోద్ది" అంది ఓ పెద్దామె, కత్తి ఆపకుండానే.

ఇంత శ్రమ ఎందుకంటే, బంగినపల్లి టెంకలో ఉండేది ఒకే పిండం. ఏ చెట్టు పుప్పొడి కలిసి పుట్టిందో తెలియని ఆ మొక్కకు తల్లి గుణాలే వస్తాయన్న పూచీ లేదు. ఒకటికి మించి పిండాలుండే కేరళ ఓలూరు లాంటి కొన్ని రకాల టెంకల్లోంచి తల్లిని పోలిన మొక్కలే ఎక్కువగా వస్తాయి. మన పండుకు ఆ వరం లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు అందుకున్న బంగినపల్లి ఇన్ని తోటలకు పాకిందంటే, ఎవరో ఒకరు కొమ్మ కోసి అంటు కడుతూ రావడం వల్లే.

మా బంధువు ఒకాయన బంగినపల్లి అని తెచ్చి నాటిన చెట్లలో కొన్ని పీచు కాయలు కాశాయి. మొక్కలిచ్చిన నర్సరీని ఆయన ఇప్పటికీ తిడుతూనే ఉన్నాడు. తప్పు అక్కడే జరిగిందని నేను తేల్చి చెప్పలేను. అతుకు కింద నుంచి వచ్చే చిగుళ్లను గిల్లకుండా వదిలేస్తే నాటు మొక్క పైకి లేచి, పైనున్న మంచి రకాన్ని అణిచేస్తుంది. తప్పు ఎవరిదైనా, పోయిన ఏళ్లు ఎవరూ తెచ్చివ్వలేరు. చెట్టు నరికి, కొత్త చిగుళ్లకు మళ్లీ అంటు కట్టించుకుంటే కొంత దక్కుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లోనే నర్సరీల నియంత్రణకు చట్టం వచ్చింది. అవసరమే. కానీ లైసెన్సు గోడకు వేలాడుతుంది, పుల్ల కోసే చేయి తోటలో ఉంటుంది. సరైన చెట్టు దూరంగా, వేరే చెట్టు దగ్గరగా ఉన్న రోజున ఆ చేయి ఎటు వెళ్లిందో చూసేవాళ్లెవరూ ఉండరు. ఈ పనిలో నైపుణ్యం ఎంతో నిజాయితీ అంతే ముఖ్యమని నేననడం అందుకే.

మనమూ మొక్క దగ్గర నిలబడి ధర గురించే గీచి గీచి బేరమాడతాం, పుల్ల ఎక్కడిదని అడగం. ఈసారి అంటు కొనేటప్పుడు "తల్లి చెట్టు చూపిస్తారా?" అని అడగండి. "రండి" అంటూ ముందు నడిచే రైతు పది రూపాయలు ఎక్కువ చెప్పినా మారు మాట్లాడకుండా ఇచ్చేయండి.