టేపు చుట్టే చేతులు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని చంకన బిగించి దూసుకుపోయే రన్నింగ్ బ్యాక్‌ను అందరూ చూస్తారు. ఆటకు ముందు అతని చీలమండకు టేపు చుట్టే ట్రైనర్‌ను చూసేవాళ్లు తక్కువ. పాదాన్ని లంబకోణంలో నిలిపి, పల్చటి స్పాంజి పొర చుట్టి, పట్టీని లోపలివైపు నుంచి మడమ కిందుగా బయటివైపుకు లాగి బిగిస్తారు. ప్రతి పట్టీ ముందుదాన్ని సగం కప్పాలి. ముడత మిగిలితే బొబ్బ లేస్తుంది, మరీ బిగిస్తే రక్తం ఆడదు. ఆ పట్టు ఇచ్చిన ధీమాతోనే ఆటగాడు పరుగు మధ్యలో చటుక్కున పక్కకు తిరుగుతాడు. గాయపడ్డాక మళ్లీ నడక నేర్పేదీ ఈ ట్రైనర్లే. 2011 డిసెంబరు 24న ఎడమ మోకాలి లిగమెంట్లు తెగిన రన్నింగ్ బ్యాక్ ఏడ్రియన్ పీటర్సన్, శస్త్రచికిత్స తర్వాత కోలుకుని 2012 సీజన్‌లో 2,097 గజాలు పరుగెత్తాడు. ఆ గజాల్లో కొన్ని న్యాయంగా వాళ్ల ఖాతావే.