చింతగింజల చీమలబారు

చీమల పుట్ట మీద ఆట తయారుచేద్దామని కూర్చుంటే మొదటి చిక్కు రాణి దగ్గరే వస్తుంది. పేరుకే రాణి. గుడ్లు పెడుతుంది గానీ ఎవరికీ ఆజ్ఞలివ్వదు. ఏ చీమ ఎటు పోవాలో చెప్పే పెద్ద అనేవాడు పుట్టలో ఎక్కడా ఉండడు. అలాంటప్పుడు బల్ల ముందు కూర్చున్న ఆటగాడు ఎవరైనట్టు? మన పులిజూదంలో 15 మేకలు కలిసి 3 పులుల్ని కట్టేస్తాయి. గుంపు బలాన్ని ఇంత తేలిగ్గా చూపిన ఆట నాకు మరొకటి తెలియదు. అయినా ఆ మేకలన్నిటినీ కదిపేది ఒక్క చెయ్యే.

జాన్ యియాని చేసిన 'హైవ్' ఆటకు బోర్డే అక్కర్లేదు. పురుగుల బొమ్మలున్న షడ్భుజి ముక్కలు చాలు. ఎదుటివాడి రాణి ఈగను చుట్టుముట్టాలి. ఆడే తీరు చదరంగానికి దగ్గర. అయితే అందులో ఒక నియమం నాకు ప్రాణం: ముక్క తీస్తే గుంపు రెండుగా చీలేట్టుంటే దాన్ని కదపకూడదు.

2012లో వచ్చిన 'మిర్మెస్' ఇంకాస్త లోపలికి వెళ్ళింది. దాన్ని చేసిన యోఆన్ లెవె ఆటగాడి చేతికి కిరీటం ఇవ్వలేదు, దాది చీమల్ని ఇచ్చాడు. ఈ రుతువులో ఎందరు దాదులు లార్వాలను పెంచాలి, ఎందరు కూలి చీమల్ని, ఎందరు సైనికుల్ని? పుట్ట భవిష్యత్తంతా ఆ పంపకంలోనే ఉంటుంది. చలికాలం రాగానే తిండి లెక్క అప్పజెప్పాలి, అది ఏటేటా పెరుగుతుంది.

ఇంతకీ నన్ను పట్టుకున్నది చీమలు నడుస్తూ నేల మీద వదిలే వాసన దారి. చెదపురుగులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకుండానే, అప్పటిదాకా కట్టిన మట్టిని చూసి తర్వాతి పని చేస్తాయని 1959లో పియేర్ పాల్ గ్రాసే వివరించాడు. అంటే జ్ఞాపకం పురుగు తలలో కాక నేల మీద ఉంటుంది. ఆటలో దానికి తగిన చోటు బల్లే.

మా ఇంట్లో అట్టముక్క మీద పుట్ట, బెల్లం గీశాం. మధ్యలో రెండు దారులు: ఒకటి 4 గళ్ళు, ఇంకొకటి 8. వాసనకు గుర్తుగా దగ్గర దారికి నల్ల చింతగింజ, దూరం దారికి అరగదీసిన తెల్ల గింజ. సంచిలో మొదట ఒక్కొక్కటే. చీమ బయల్దేరేటప్పుడల్లా సంచిలోకి చూడకుండా ఒక గింజ తీసి, ఆ దారిన పంపి, గింజను మళ్ళీ సంచిలో వేస్తాం. చీమ తిరిగొచ్చాక అది నడిచిన దారి గింజ ఇంకొకటి చేరుతుంది. దగ్గర దారిన పోయినవి ముందు తిరిగొస్తాయి కాబట్టి నల్ల గింజలే ముందు పోగవుతాయి. ఎవరూ ఏమీ నిర్ణయించకుండానే బారు సర్దుకుంది. అది చూసిన సాయంత్రం నేను మరిచిపోలేనిది.

తర్వాత దగ్గర దారిని మూసి, ఆట సగమయ్యాక తెరిచాం. అప్పటికే సంచి నిండా తెల్లవే. ఒక్క చీమా అటు మళ్ళలేదు.

"దగ్గర దారి కళ్ళ ముందుంటే వీటికి బుద్ధి లేదా మామయ్యా?" అంది మేనకోడలు.

నియమమే తప్పేమో అనుకున్నాను. కానీ 1989లో బ్రస్సెల్స్ పరిశోధకులు అర్జెంటీనా చీమలకు దగ్గర వంతెనను ఆలస్యంగా అమర్చినప్పుడు, అవీ పాత దారినే పట్టుకున్నాయి. పాత వాసన త్వరగా ఆరిపోదు మరి.

అందుకే ఆవిరయ్యే నియమం పెట్టాం: ప్రతి చుట్టు చివర చూడకుండా కొన్ని గింజలు తీసేయాలి. ఒకటి తీస్తే పుట్ట మొండికేసింది. 5 తీస్తే ఏ దారీ నిలవక చీమలు దిక్కుతోచక తిరిగాయి. 3 దగ్గర, కాస్త ఆలస్యంగానైనా, కొత్త దారికి మళ్ళాయి. ఇన్ని రాత్రుల శ్రమా ఆ ఒక్క అంకె కోసమే.

గెలుపు ఎవరిదో తేల్చే నియమం ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి నలుగురం కలిసి ఒకే పుట్టగా ఆడుతున్నాం, తొలకరి పడేలోగా 20 బెల్లం ముక్కలు చేర్చాలని. నిన్న 17 దగ్గర వాన పడింది.