చలువపందిరి సంగీతము

వేసవి సంగీతోత్సవమనగానే పట్టణవాసులకు సభాభవనములు స్ఫురించునేమో గాని, గుంటూరు మండలపు పల్లెలలో పెరిగిన నావంటివారికి ముందుగా తోచునది, ఉగాది వచ్చుసరికి రామమందిరము ముంగిట రాటలు పాతి, తాటాకులు కప్పి, మామిడితోరణములు కట్టిన చలువపందిరియే. చైత్రశుద్ధ పాడ్యమి మొదలు నవమి వరకు నడచు ఆ వసంతనవరాత్రులలో, ఊరివారు పోగుచేసిన చందాలతో, టిక్కెట్టన్న మాటయే లేకుండ, ఒకనాడు హరికథ, ఒకనాడు బుర్రకథ, ఒకనాడు పాటకచ్చేరి, మరియొకనాడు హార్మోనియము మ్రోతతో తెల్లవారుదాక పద్యనాటకము, వీనికన్నిటికిని ముందు సంజవేళ సన్నాయిమేళము, ఇట్లు పలుజాతుల సంగీతము ఒక్క నీడక్రిందికి వచ్చి చేరెడిది.

ఈ వైవిధ్యము ఎవరో ఆలోచించి కూర్చినది కాదు. చందా యిచ్చిన ప్రతి వీథివారును తమకు నచ్చినదానిని పట్టుబట్టి కోరుటచేత కుదిరినది. అయినను దాని ఫలము గొప్పది. కచ్చేరి కోరినవాడు బుర్రకథకును, బుర్రకథ కోరినవాడు కచ్చేరికిని కూర్చుండవలసి వచ్చుటచేత, స్వరజ్ఞానమేమియు లేని రైతు సైతము తోడిరాగమును పేరు తెలియకయే గుర్తుపట్టెడివాడు; శాస్త్రము చదివినవారు జానపదుల లయలోని బిగువునకు తలయొగ్గెడివారు. తన రుచికి తగినదానినే వెదకికొని వినువానికి ఈ శిక్షణము లభింపదని నా నిశ్చయము.

అన్నిటిలోను హరికథకే నేను పెద్దపీట వేయుదును. పట్టుపంచె గట్టి, మెడను పూలదండ వైచికొని, కాళ్ళ గజ్జెలతోను చేతి చిరుతలతోను నిలిచిన భాగవతారు ఒక్కడే గాయకుడు, నటుడు, నర్తకుడు, వ్యాఖ్యాత. సీతాకల్యాణము నడుమ ఆ ఊరి పెద్దమనిషిపై నొక చమత్కారము విసరి, నవ్వులు చల్లారకమునుపే కల్యాణిరాగమునకు మరలగల నేర్పు అతనికే చెల్లును. ఈ కళకు పితామహులనిపించుకొన్న ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) చేతులకును పాదములకును వేర్వేరు తాళముల నప్పగించి ఏకకాలమున నడపుటకు ప్రసిద్ధికెక్కిరి. విజయనగరమున 1919లో నెలకొన్న సంగీతకళాశాలకు ప్రథమాధ్యక్షులును వారే. పండితులకును పామరులకును వేర్వేరు పందిళ్ళు కావలెనని వాదించువారికి ఈ యొక్క జీవితము చాలును.

బుర్రకథకు నూతనతేజము నిచ్చిన షేక్ నాజర్‌గారు 1920లో పొన్నెకల్లున జన్మించిరి. నాదస్వరమున కీర్తిగడించి 1998లో సంగీతకళానిధి బిరుదమందిన షేక్ చినమౌలానాగారిది ఒంగోలు చేరువనున్న కరవది. రాముని సన్నిధిని ముస్లిముల సన్నాయి మ్రోగుట మా ప్రాంతమున ఎన్నడును వింతగా తోచలేదు. దానిపై ఉపన్యాసములు తరువాత పుట్టినవి.

వేసవి వాద్యములకు కఠినకాలము. వడగాలికి మృదంగపు తోలు బిగిసి శ్రుతి పైకెక్కును. ఎడమమూతకు పట్టించిన రవ్వముద్ద ఎండిపోయి మాటిమాటికి తడి కోరును. సన్నాయి పీక పొడియారి మొరాయించును. విద్వాంసులు ఈ బాధల నోర్చుకొని వచ్చెడివారన్న, పందిరి గుణమును గూడ చెప్పవలెను: పైన ఆకు, నాలుగుప్రక్కల బయలు; గోడలు లేవు గనుక ప్రతిధ్వని లేదు, పలికిన స్వరము పలికినట్లే చెవికందును. ఆ పందిరికే నేడు నాలుగుమూలల మైకుగొట్టములు కట్టి పొరుగూరికి గూడ వినిపింపబూనుట నాకు బొత్తిగా రుచింపదు. సినిమాపాటలపై నాకు ద్వేషము లేదు, పాటకచ్చేరి ముగియగనే వానిని అడుగు పిల్లలపైనను లేదు. చెవి పగులు శబ్దములో హరికథయైనను సినిమాపాటయైనను ఒక్కటేయగుచున్నదన్నదే నా ఫిర్యాదు.

రాబోవు ఉగాదికి పందిరి వేయింపబోవు కమిటీవారికి నా విన్నపము: మైకును పందిరిలోనివారికి వినబడునంత వరకే ఉంచుడు, సన్నాయిమేళమును ఊరేగింపునకు మాత్రమే పిలువక, వేదికపై గూర్చుండబెట్టి ఒక రాత్రి పూర్తిగా నొసగుడు, ఎవరి సంభావన వారికి ఆ రాత్రియే ముట్టజెప్పుడు.