ఆసు తెలిసిన పిల్లలు, ఇంగ్లిష్ పేరా

‘చిమ్మడు గొబ్బలను తొర్రించాడు.’ చిమ్మడు వేటిని తొర్రించాడు? గొబ్బలను. మార్కు పడుతుంది. ఆ మాటలకు మాత్రం అర్థమే లేదు. ఇంగ్లిష్ క్లాసులో చాలామంది పిల్లలు చేసేది ఇదే. ప్రశ్నలోని మాట పాఠంలో ఎక్కడుందో వేలితో వెతికి, ఆ వాక్యాన్ని మక్కికి మక్కి దించేస్తారు. అడిగే ప్రశ్నలే అట్లాంటివి.

నిజంగా అర్థం కావాలంటే విషయం కొంతైనా ముందే తెలిసి ఉండాలి. 1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలతో బేస్‌బాల్ ఆట గురించి చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట తెలిసినవాళ్లకు, బాగా చదవగలిగీ ఆట తెలియనివాళ్ల కన్నా ఎక్కువ అర్థమైంది.

అట్లాగే మా ఆలేరు బడి పిల్లలకు ఆసు తెలుసు. నేతకు ముందు దారాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ తిప్పి చుట్టే పనే ఆసు. ఈ మండలంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తల్లి లక్ష్మి పడే బాధ చూడలేక 1999లో ఆసుయంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన మీద ఇంగ్లిష్‌లో ఒక పేరా రాసి ఎనిమిదో తరగతికి ఇచ్చాను. ముందు బోర్డు మీద శీర్షిక ఒక్కటే రాసి, లోపల ఏముంటుందో తెలుగులోనే చెప్పమన్నాను. చేనేత ఇంటి పిల్ల లేచి, దారం పట్టుకున్నట్టు చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడించి చూపించింది. ‘‘ఒక్క చీరకే వేలసార్లు ఇట్లనే సార్. మా అమ్మకు రాత్రి రెక్కలు గుంజుతయ్.’’ ఆ తర్వాత పేరాలో భుజం నొప్పి గురించిన పెద్ద వాక్యం వస్తే, ఎప్పుడూ వెనక బెంచీలో ఉండే ఆ పిల్లే పక్కవాళ్లకు విడమరిచి చెప్పింది.

ఇట్లా తెలుగు మీదుగా ఇంగ్లిష్‌కు పోయే వీలు పుస్తకాల్లోనూ ఉంది. 2022-23 నుంచి మన సర్కారు బడుల పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్. ఇది మంచి పని అని గట్టిగా నమ్ముతాను. కాకపోతే రెండూ తెరిచి ఉంటే కళ్లు తెలుగు వైపే పోతాయి. అందుకే తెలుగు పేజీ చదివించి, దాని మీద కాగితం కప్పించి, అప్పుడు ఇంగ్లిష్ మొదలుపెట్టిస్తాను.

ప్రశ్నలు కూడా పిల్లలే వేయాలి. పాలిన్‌సర్, బ్రౌన్ 1984లో ప్రచురించిన పద్ధతిలో ఇదొక ముఖ్యమైన భాగం. ముందేం వస్తుందో ఊహించడం, ప్రశ్న వేయడం, అర్థంకానిది తేల్చుకోవడం, క్లుప్తంగా చెప్పడం, ఈ నాలుగు పనులూ పిల్లలు వంతులవారీగా చేస్తారు. మల్లేశం పేరా మీద ఒక అబ్బాయి వేసిన ప్రశ్న: ‘‘మెషిన్ వచ్చినంక, కూలికి ఆసు పోసేటోళ్లకు పని ఎట్ల సార్?’’ జవాబు కోసం క్లాసంతా పేరా మళ్లీ మొదటి నుంచీ చదివింది. అందులో లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రమ్మన్నాను. వాళ్లు తెచ్చే మాటలతోనే వచ్చేవారం రెండో పేరా.