ట్రాక్టర్ మోగినా ఆపకండి

ఈ వారం నా నిద్ర చెడగొట్టింది ఒక నిద్ర యాప్. మా మనవరాలు ముచ్చటపడి ఫోన్‌లో ఎక్కించింది. ‘నది’ అని నొక్కితే సన్నగా గలగల. పడవ లేదు, పిట్ట లేదు, బట్టలుతికే చప్పుడు లేదు. ఏ నదో కూడా చెప్పదు. మైకులతో నాకు పాతపగ ఉంది. చివరికి నీళ్లకీ మైకు పెట్టారా అని, ఈ పని చేసేవాళ్లందరినీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను.

ఆనియా లాక్‌వుడ్ అడ్డుపడ్డారు. న్యూజిలాండ్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ స్వరకర్త ఆవిడ. 1982లో హడ్సన్ నదికి శబ్దాలతో పటం గీశారు. 2001 నుంచి కొన్నేళ్లు డాన్యూబ్ వెంట నల్లసముద్రం దాకా తిరిగారు. ఒడ్డునే కాదు, నీళ్లలోకీ హైడ్రోఫోన్ (నీటిలో పనిచేసే మైకు) దించారు. ఒడ్డున బతికేవాళ్లను కూడా అడిగారు: ఈ నది మీకేమిటి? ఇది లేకుండా బతకగలరా?

నీళ్లలో దించడం అంటే మా ఊరి చెరువు గుర్తొచ్చింది. నేనూ నా నేస్తమూ మునిగేవాళ్లం. వాడు అవతల రెండు రాళ్లు కొడితే నా చెవి పక్కనే టక్కుమనేది. ఎటునుంచో మాత్రం అంతు చిక్కేది కాదు. గాలిలో కంటే నీళ్లలో శబ్దం నాలుగు రెట్లకు పైగా వేగం. రెండు చెవులకూ దాదాపు ఒకేసారి చేరిపోతుంది. ఆ రాళ్లచప్పుడు తప్ప చెరువడుగు మూగదనే అనుకున్నాం. డేవిడ్ డన్ అనే అమెరికన్ చిన్నచిన్న మడుగుల్లో హైడ్రోఫోన్లు వేసి, నీటిపురుగుల సందడితో 1990ల మొదట్లో ఒక కృతే కట్టారు. పగటిపూట నాచు వదిలే ఆక్సిజన్ బుడగలు కూడా చిటపటమంటాయట. మేం ఈతకొట్టింది ఇంత గోల మధ్యనా!

నీళ్లలోని చప్పుడు మీదే బతికేవీ ఉన్నాయి. గంగ డాల్ఫిన్‌కు చూపు దాదాపు లేదు. తాను చేసే టిక్కుటిక్కుల ప్రతిధ్వనిని బట్టే చేపను పట్టుకుంటుంది. పైన మోటారు పడవ మోగితే దానికి అది కళ్లకు గంతలు కట్టడమే. అలాంటప్పుడు ఆ మోటారును కత్తిరించి వినిపించే నది పచ్చి అబద్ధం. మైకు తప్పేమీ లేదు, కత్తెరదే తప్పు. మైకు పక్షాన నేను మాట్లాడటం ఇదే మొదలు. పాత పాఠకులు క్షమించాలి.

ఈసారి మీ ఊరి చెరువు మత్తడి దూకిన రోజున ఫోన్ తీసి ఓ ఐదు నిమిషాలు రికార్డు చేయండి. ఊరి పేరు, తేదీ ముందే చెప్పండి. కట్ట మీద ట్రాక్టర్ మోగినా ఆపకండి.